ఆ తాళం చెవి మీ ఐదుగురి దగ్గరే ఉంది

ఆస్ట్రోడోమ్ గురించి హారిస్ కౌంటీ కమిషనర్ల కోర్టుకు బహిరంగ లేఖ

కౌంటీ జడ్జి గారికి, నలుగురు కమిషనర్లకు,

నమస్కారం.

2024 జూలై 8న బెరిల్ తుఫాను హ్యూస్టన్ మీదుగా పోయినప్పుడు మా అమ్మ మా ఇంట్లోనే ఉంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అప్పటికి మూడు వారాలు. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. తెల్లవారేసరికి కరెంటు పోయింది. మాకు ఒక్కరికే కాదు, ఈ ప్రాంతంలో 20 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు పోయింది. గాలి ఆగాక ఎండ మొదలైంది. ఇంట్లో ఉక్కపోత భరించలేక అమ్మను కారులో కూర్చోబెట్టి, ఇంటి ముందు ఇంజను నడుపుతూ గంటల తరబడి ఏసీ వేశాను. మా వీధిలో అటూ ఇటూ ప్రతి కారులోనూ ఇదే దృశ్యం. పిల్లలు, ముసలివాళ్లు, కుక్కపిల్లలు అందరూ కార్లలోనే.

నాలుగో రోజు, కరెంటు వచ్చిన ఒక స్నేహితుడి ఇంటికి బయలుదేరాం. 610 రహదారి దక్షిణం వైపు తిరగగానే ఆ గుండ్రటి పెద్ద కట్టడం కనిపించింది. అదేమిటని అమ్మ అడిగింది. ఆస్ట్రోడోమ్ అనే పాత స్టేడియం అని చెప్పాను. ఇప్పుడు ఖాళీగా ఉంది, పదిహేనేళ్లుగా తాళం వేసి ఉంది అన్నాను.

"పైకప్పు ఉందా?"

"ఉంది అమ్మా. మొత్తం కప్పే."

"మరి జనం కార్లలో ఎందుకు కూర్చున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి ఆమె ఇంకో ప్రశ్న వేసింది. "దాని తాళం చెవి ఎవరి దగ్గరుంది?" ఐదుగురి దగ్గర ఉందని చెప్పాను. ఆ ఐదుగురు మీరే. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

దీని ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయాలకు అందజేస్తాను. కానీ ముందుగా తెలుగులో రాయడానికి కారణం ఉంది. హ్యూస్టన్ శివార్లయిన సైప్రెస్‌లోనూ కేటీలోనూ వేల తెలుగు కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లలో ఎన్నో హారిస్ కౌంటీలోకే వస్తాయి. మేము ఏటా కౌంటీకి ఇంటి పన్ను కడతాం. మాలో పౌరసత్వం వచ్చినవాళ్లం ఓటు కూడా వేస్తాం. అయినా డోమ్ విషయం వచ్చేసరికి అది ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ల జ్ఞాపకాల గొడవ అనీ, మనకు సంబంధం లేదనీ అనుకుంటాం. కమిషనర్ల కోర్టు అంటే కేసులు విచారించే న్యాయస్థానం అనుకునేవాళ్లు మాలో ఇప్పటికీ ఉన్నారు. అది మన జిల్లా పరిషత్తు లాంటిదని, కౌంటీ జడ్జి దాని అధ్యక్షుడి లాంటివారని, డోమ్ నగరానిది కాదు కౌంటీదని, అంటే మనదేనని మా వాళ్లకు చెప్పడం కూడా ఈ లేఖ పని.

నేను దివిసీమలో పుట్టాను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఐదేళ్లు. ఆ రాత్రి పదివేల మందికి పైగా చనిపోయారు. ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. ఎత్తుగా, గట్టిగా నిలిచిన కప్పు ఏ గుడిదో బడిదో దొరికినవాళ్లు బతికారు. దొరకనివాళ్లు తాటిచెట్లు పట్టుకున్నారు. మా కుటుంబం బతికింది కాబట్టి ఈ లేఖ రాయగలుగుతున్నాను. అంతకు మించి ఆ రాత్రి గురించి రాయలేను.

ఆ తర్వాతి సంవత్సరాల్లో కోస్తా పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు. ఎత్తైన కాంక్రీటు స్తంభాల మీద, కింద నీళ్లు పోవడానికి దారి వదిలి, పైన విశాలమైన గదులు. మా ఊళ్లోనూ ఒకటి వచ్చింది. మా నాన్న బడిపంతులు. ఆ షెల్టర్‌లోనే ఆయన బడి నడిపారు. పొద్దున బడి, సాయంత్రం పెద్దల సమావేశాలు, ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లు. తాళం చెవి మా ఇంటి వసారాలో మేకుకు వేలాడేది. ఏ అర్ధరాత్రి ఎవరు వచ్చినా తీసుకుపోవచ్చు. రోజూ వాడే కట్టడం కాబట్టి కప్పు ఎక్కడ కారుతోందో, ఏ మెట్టు విరిగిందో, నీళ్ల తొట్టి ఎప్పుడు కడిగారో ఊరందరికీ తెలుసు. పక్క ఊళ్లో షెల్టర్‌ను తుఫాను వస్తేనే తెరవాలని తాళం వేసి ఉంచారు. కొన్నేళ్లకు దాని తలుపులు తుప్పు పట్టి తెరుచుకోలేదు. గోడల్లో రావి మొక్కలు మొలిచాయి. 1990 మే నెలలో మళ్లీ పెద్ద తుఫాను వచ్చినప్పుడు ఆ ఊరివాళ్లు కూడా మా బడికే వచ్చారు.

1977 నాటి గాలికి తీసిపోని ఆ 1990 తుఫానులో మొత్తం రాష్ట్రంలో మరణాలు వెయ్యి దాటలేదు. ముందస్తు హెచ్చరికలు, జనాన్ని తరలించిన పద్ధతి, ఆ షెల్టర్లు కలిసి అంతమందిని కాపాడాయి. నేను మిమ్మల్ని అడగబోయేదంతా అక్కడ నేర్చుకున్నదే. రోజూ తెరిచి ఉన్న కప్పే ఆపద రోజున పనికొస్తుంది.

ఆస్ట్రోడోమ్ ఎవరి డబ్బుతో కట్టారో మీకు చెప్పనక్కరలేదు. మా వాళ్లకు చెప్పాలి. 1961 జనవరిలో హారిస్ కౌంటీ ఓటర్లు బాండ్లకు, అంటే కౌంటీ అప్పు తేవడానికి, ఒప్పుకుంటేనే దాని పని ముందుకు కదిలింది. ఆ ఓటింగుకు ముందు నల్లజాతి నాయకుడు క్వెంటిన్ మీస్ ఒక షరతు పెట్టారు. ఈ స్టేడియం తలుపులు తెరిచిన మొదటి రోజు నుంచే రంగుభేదం లేకుండా అందరూ కలిసి కూర్చోవాలి, అలాగైతేనే మా వాళ్ల మద్దతు అని. హోటళ్లలో, సినిమా హాళ్లలో వేర్వేరు తలుపులున్న కాలం అది. షరతుకు ఒప్పుకున్నారు. బాండ్లు నెగ్గాయి. అంటే ఈ కట్టడానికి పునాదిరాయి పడకముందే ఒక మాట పడింది. ఇది అందరిదీ అన్న మాట. డోమ్ గురించి చెప్పుకునే గొప్పలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. దీన్ని తక్కువమంది చెప్పుకోవడం నాకు బాధగా ఉంటుంది.

మిగతా గొప్పలు కూడా చిన్నవి కావు. మాజీ కౌంటీ జడ్జి, మాజీ మేయర్ రాయ్ హాఫైన్జ్ పట్టుదలతో 1962లో పని మొదలై 1965 ఏప్రిల్ 9న అధ్యక్షుడు జాన్సన్ సమక్షంలో మొదటి బేస్‌బాల్ ఆట జరిగింది. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా 642 అడుగుల మేర పరుచుకున్న కప్పు అంతకుముందు ప్రపంచంలో లేదు. ఇలాంటిది ఎవరూ కట్టి చూపించలేదు కాబట్టి తప్పులూ జరిగాయి. కప్పులో బిగించిన నాలుగున్నర వేల పారదర్శకమైన పలకల్లోంచి ఎండ పడి, పైకి లేచిన బంతి ఆటగాళ్లకు కనిపించలేదు. పలకలకు రంగు పూశారు. రంగు పూయగానే లోపలి గడ్డి చచ్చిపోయింది. దాంతో 1966లో కృత్రిమ పచ్చిక పరిచారు. ఇవాళ ప్రపంచమంతా దాన్ని ఆస్ట్రోటర్ఫ్ అని ఈ డోమ్ పేరుతోనే పిలుస్తోంది. హైదరాబాదులో హాకీ ఆడే పిల్లలు కూడా తెలియకుండానే ఈ డోమ్ పేరు తలుచుకుంటున్నారు.

1968 జనవరిలో హ్యూస్టన్ విశ్వవిద్యాలయం, యూసీఎల్ఏ జట్ల బాస్కెట్‌బాల్ ఆటకు 52,693 మంది వచ్చారు. కళాశాలల బాస్కెట్‌బాల్‌ను దేశమంతా టెలివిజన్‌లో చూడవచ్చని ఆ రాత్రే తేలింది. 1973లో బిల్లీ జీన్ కింగ్ ఇక్కడే పురుషుల మాజీ ఛాంపియన్ బాబీ రిగ్స్‌ను టెన్నిస్‌లో ఓడించింది. 1995 ఫిబ్రవరిలో మెక్సికన్ అమెరికన్ గాయని సెలీనా పాడితే 60 వేలకు పైగా జనం విన్నారు. నెల దాటిన కొద్ది రోజులకే ఆమె హత్యకు గురైంది. నాతో పనిచేసిన ఒక మెక్సికన్ అమెరికన్ సహోద్యోగి ఆ రాత్రి తొమ్మిదేళ్ల పిల్లగా తల్లి ఒళ్లో కూర్చుని చూసిందట. ఇప్పటికీ డోమ్ పక్కగా పోయేటప్పుడు కారులో రేడియో ఆపేస్తుంది.

ఇంకో జ్ఞాపకం చేదుది. దాన్ని మీకు ముందు ఈ పదవుల్లో ఉన్నవాళ్లు మీకు పాఠంగా వదిలి వెళ్లారు. 1980ల చివర ఆయిలర్స్ ఫుట్‌బాల్ జట్టు యజమాని ఊరు విడిచి జాక్సన్‌విల్‌కు పోతానని బెదిరించాడు. కౌంటీ దాదాపు 6.7 కోట్ల డాలర్లు పోసి పదివేల సీట్లు అదనంగా వేసింది. ఆ సీట్ల కోసం 474 అడుగుల పొడవున్న, పిల్లలు ఆట కంటే ఎక్కువగా చూసిన ఆ దీపాల స్కోరుబోర్డును పీకేశారు. జట్టు 1996 సీజన్ దాకా ఆడి టెనెసీకి వెళ్లిపోయింది. 1999తో బేస్‌బాల్ జట్టు ఆస్ట్రోస్ కూడా కొత్త మైదానానికి మారింది. అప్పు మాత్రం కౌంటీ దగ్గరే మిగిలింది. అద్దెకుండేవాడి బెదిరింపుకు ఇల్లు పగలగొట్టుకున్న యజమాని పరిస్థితి అది. పక్కనున్న పెద్ద స్టేడియం లీజులు 2032లో ముగుస్తాయి. టెక్సన్స్ ఫుట్‌బాల్ జట్టుతో, గుర్రాల, ఎద్దుల సవారీ పోటీల వేడుక నడిపే రోడియో సంస్థతో మీరు తర్వాతి ఒప్పందాలకు కూర్చునే ప్రతిసారీ ఆ స్కోరుబోర్డును గుర్తుచేసుకోమని కోరుతున్నాను.

ఆ రెండు సంస్థలూ ఊరికి మేలు చేసినవే. రోడియో 1966 నుంచి 2002 దాకా డోమ్‌లోనే జరిగింది. దాని స్కాలర్‌షిప్పులతో చదువుకున్న పిల్లలు వేలమంది. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. తమ వేడుక మధ్యలో తొమ్మిది ఎకరాల మూసిన కట్టడం అడ్డంగా ఉంది. 2014లో వాళ్లు దాన్ని పడగొట్టి పచ్చిక బయలు చేయాలని ప్రతిపాదించారు. అయితే వాళ్లకు అడ్డం వస్తున్నది కట్టడం కాదు, మూసిన తలుపులు. లోపలికి నడవగలిగే తొమ్మిది ఎకరాల నీడ మార్చి నెల రోడియోకు కూడా అక్కరకొస్తుంది.

ఇప్పుడు 2005 గురించి చెప్పాలి. ఆ సంవత్సరం నేను డోమ్ లోపల ఉన్నాను.

కత్రినా తుఫాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచాక, అక్కడి సూపర్‌డోమ్‌లో నీళ్లూ కరెంటూ లేక నలిగిపోయిన జనాన్ని బస్సుల్లో ఇక్కడికి తెచ్చారు. ఆ ప్రాంగణం మొత్తం మీద దాదాపు 25 వేల మంది తలదాచుకున్నారు. తపాలా శాఖ వాళ్లకోసం ఒక కొత్త జిప్ కోడ్ ఇచ్చింది, 77230. మా ఆఫీసు నుంచి నలుగురం సాయానికి వెళ్లాం. నాకు ఇచ్చిన పని దుప్పట్లు పంచడం. వాలుదారిలో కిందికి దిగుతుంటే మైదానం నిండా మంచాలు, వరుసల మీద వరుసలు, కంటికి ఆనినంత మేర. గోడల మీద తప్పిపోయినవాళ్ల పేర్లు రాసిన కాగితాలు. ఒక పెద్దావిడ మూడు రోజులుగా మాట్లాడలేదని పక్క మంచం వాళ్లు చెప్పారు. నేను దుప్పటి ఇచ్చి కదలబోతుంటే నా చేయి పట్టుకుని, ఇక్కడ చల్లగా ఉంది బాబూ, నిద్ర పట్టింది అంది. అంతే అంది. నాకు మా ఊరి షెల్టర్‌లో చాపల మీద పడుకున్న జనం కళ్లముందు మెదిలారు. అప్పటివరకు హ్యూస్టన్ నాకు ఉద్యోగం ఉన్న ఊరు. ఆ మధ్యాహ్నం నుంచి నా ఊరయింది.

ఆ రోజుల్లో ఈ కౌంటీ చేసిన పని గురించి ఈ దేశంలో ఎవరి దగ్గరైనా తల ఎత్తుకుని చెప్పవచ్చు. డోమ్‌లో ఆట లేదు, జట్టు లేదు. కానీ దీపాలు వెలుగుతున్నాయి, నీళ్లు వస్తున్నాయి, ఏసీ నడుస్తోంది. రాత్రికి రాత్రి వేలమందిని లోపలికి పిలవగలిగారు.

మరో మూడేళ్లకు, 2008లో, అగ్నిమాపక నియమాలకు తగినట్టు లేదని తనిఖీలో తేలింది. 2009 నుంచి ప్రజలకు ప్రవేశం లేదు.

తర్వాత జరిగినదంతా మీ కార్యాలయాల్లో కట్టలు కట్టలుగా ఉంది. 2013 నవంబరులో 21.7 కోట్ల డాలర్ల బాండ్లతో దాన్ని ప్రదర్శనల కేంద్రంగా మార్చాలని ఓటర్లను అడిగారు. సుమారు 53 శాతం మంది వద్దన్నారు. ఆ తర్వాతి నెలలోనే బయటి వాలుదారి బురుజులు కూల్చారు. ఊరి జనం డోమ్‌నే కూల్చేస్తున్నారనుకుని కంగారుపడ్డారు. 2014లో అది జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో చేరింది. 2017లో టెక్సస్ రాష్ట్రం రక్షిత కట్టడంగా గుర్తించింది. ఇప్పుడు రాష్ట్ర చారిత్రక సంఘం అనుమతి లేకుండా మీరు దాన్ని కూల్చలేరు. 2018 ఫిబ్రవరిలో జడ్జి ఎడ్ ఎమ్మెట్ నాయకత్వంలో మీ కోర్టు 10.5 కోట్ల డాలర్ల పథకానికి ఒప్పుకుంది. లోతుగా ఉన్న నేలను రెండు అంతస్తులు పైకి లేపి, కింద 1,400 కార్లకు చోటు, పైన తొమ్మిది ఎకరాల తెరిచిన నేల. ఆస్బెస్టాస్ తొలగించే పని జరిగింది కూడా. ఆ ఏడాది ఎన్నికల్లో నాయకత్వం మారింది, పథకం ఆగింది. 2024 నవంబరులో ఆస్ట్రోడోమ్ కన్జర్వెన్సీ సంస్థ లోపల నాలుగు భవనాలు, మధ్య వీధి ఉండే 100 కోట్ల డాలర్ల ఊహాచిత్రం ముందుకు తెచ్చింది.

నేను ఇంజనీరును. స్టేడియాల ఇంజనీరును కాకపోయినా, ఒక విషయం నాకు అనుభవంలో తెలుసు. పని ఆగిపోవడం తరచూ డబ్బు లేక కాదు, మొదటి అడుగు మరీ పెద్దదిగా గీయడం వల్ల. 100 కోట్ల బొమ్మ అందంగా ఉంది. దాన్ని గీసినవాళ్లకు డోమ్ మీద ఉన్న ప్రేమ నాకూ ఉంది. కానీ మొత్తం పెట్టుబడి దొరికితేనే తలుపు తీస్తామనే పథకం ఏదైనా ఇంకో పదిహేనేళ్లు తాళాన్ని కాపాడుతుంది. 2018 నాటి పథకంలో ఉన్న వివేకం నేలను పైకి లేపడంలో ఉంది. ఆ డోమ్ నేల భూమట్టానికి చాలా దిగువన ఉంది. పక్కనే బ్రేస్ బాయూ అనే వాగు. 1976 జూన్ 15న వాన నీళ్లు వీధుల్లో నిలిచి ఆటగాళ్లు లోపల, ప్రేక్షకులు, అంపైర్లు బయట చిక్కుకుని ఆట రద్దయింది. కప్పున్న స్టేడియంలో వాన వల్ల ఆట ఆగిన రోజు అది. నేలను లేపితే నీళ్లు వచ్చినా కిందికే పోతాయి. మనుషులు పైన పొడిగా ఉంటారు. మా దివిసీమ షెల్టర్లను స్తంభాల మీద కట్టింది కూడా అందుకే. ఈ మాట విన్న రోజున మా నాన్న బతికి ఉంటే ఎంత సంతోషించేవారో.

కాబట్టి నా మొదటి కోరిక, ఆ ఒక్క భాగాన్ని మళ్లీ చేపట్టండి. నేల, అగ్నిమాపక ఏర్పాట్లు, మెట్లు, దీపాలు, నీళ్లు, మరుగుదొడ్లు, జనరేటర్లు. మిగతా సీట్లు, పై అంతస్తులు, దుకాణాలు, హోటళ్లు తర్వాత వస్తాయి, రాకపోయినా పరవాలేదు.

తెరిచాక లోపల ఏం చేయాలి? జనం రోజూ రావాలి, అదొక్కటే కొలమానం. హ్యూస్టన్ ఎండాకాలంలో పొద్దున ఎనిమిది దాటాక పెద్దవాళ్లు బయట నడవలేరు. మా అమ్మ వయసువాళ్లు పెద్ద దుకాణాల లోపల అటూ ఇటూ నడుస్తుంటారు, కొనడానికి వచ్చామని నటిస్తూ. వాళ్లకు నీడలో నడకదారి కావాలి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు ఆటస్థలం కావాలి. వారానికి మూడు రోజులు సంత పెట్టండి. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలైనప్పుడు దళారీ లేకుండా రైతే తూకం వేసి అమ్మడం చూశాం. ఈ కౌంటీ చుట్టూ కూరగాయలు పండించే చిన్న రైతులు, వాళ్లలో వియత్నాం వాళ్లు, మెక్సికో వాళ్లు ఉన్నారు. గోంగూర, మునగాకు పెరట్లో పెంచి పంచుకునే తెలుగువాళ్లం మేమూ ఉన్నాం. ఒక ఆరోగ్య కేంద్రం, ఒక గ్రంథాలయం, పండుగలకు అద్దెకిచ్చే చోటు. ఉగాదికి, బతుకమ్మకు మేము బడి వ్యాయామశాలల కోసం ఆరు నెలల ముందు నుంచి వెతుక్కుంటాం. మాలాగే నైజీరియా వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు. ఇన్ని భాషల ఊరికి అందరూ కలిసే కప్పు ఒకటి ఉంటే, పక్క స్టేడియంలో ఆటలు లేని రోజుల్లో కూడా ఆ ప్రాంగణంలో మనుషుల అలికిడి వినిపిస్తుంది. ఇప్పుడది సంవత్సరంలో చాలా రోజులు ఖాళీ కార్ల మైదానం.

రెండో కోరిక దీనికన్నా ముఖ్యమైనది. లోపల ఎవరు వ్యాపారం చేసినా, ఎవరు అద్దెకు తీసుకున్నా, ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి. కౌంటీ జడ్జి విపత్తు ప్రకటించిన గంటల్లో ఆ నేల ప్రజలది అవుతుంది అని. అమ్మకం మాట ఎత్తవద్దు.

ఎందుకంటే ఈ ఊళ్లో ఒక ఉదాహరణ కళ్లముందే ఉంది. రాకెట్స్ బాస్కెట్‌బాల్ జట్టు 2003లో ఖాళీ చేసిన సమ్మిట్ స్టేడియాన్ని నగరం లేక్‌వుడ్ చర్చికి ముందు లీజుకిచ్చి, 2010లో 75 లక్షల డాలర్లకు అమ్మింది. ఖాళీ కట్టడానికి ప్రాణం వచ్చింది, వారం వారం వేలమంది ప్రార్థనకు వస్తున్నారు. దాన్ని నేను తప్పు పట్టను. కానీ 2017లో హార్వీ వరద వచ్చినప్పుడు ఆ తలుపులు ఎప్పుడు తెరవాలన్న దానిపై ఊరంతా, దేశమంతా వాదించుకుంది. తర్వాత వాళ్లు తెరిచారు. అయితే అది వాళ్ల ఇష్టం మీద ఆధారపడిన విషయం, మన హక్కు కాదు. అదే హార్వీలో డోమ్ ప్రాంగణంలోని ప్రదర్శనశాల ఎన్ఆర్జీ సెంటర్‌లో వేలమందికి మంచాలు వేశారు. కత్రినాలో న్యూ ఆర్లియన్స్ వాళ్లకు నిద్ర పట్టించిన డోమ్ మాత్రం ఆ పక్కనే చీకట్లో, తాళంతో నిలబడి ఉంది. ఈసారి నిరాశ్రయులైంది మన సొంత ఊరివాళ్లు.

వేరే ఊళ్లు ఏం చేశాయో మీ సలహాదారులు మీకు చెప్పే ఉంటారు. మెంఫిస్‌లో 321 అడుగుల పిరమిడ్ స్టేడియం 2004లో జట్లు వెళ్లిపోయాక ఏళ్ల తరబడి సరిగా వాడుకలో లేక 2015లో వేట, చేపల వేట సామాన్ల దుకాణంగా తెరుచుకుంది. టొరంటోలో మేపుల్ లీఫ్ గార్డెన్స్ కింద కిరాణా దుకాణం, పైన విశ్వవిద్యాలయం ఆటస్థలం అయ్యాయి. నాకు ఎక్కువ నచ్చినది సియాటిల్. 1962 ప్రపంచ ప్రదర్శనకు కట్టిన హాలు కప్పును అలాగే గాల్లో నిలిపి, కింద మొత్తం తవ్వి కొత్త స్టేడియం కట్టారు. 2021లో తెరిచారు. డబ్బు ప్రైవేటు సంస్థది, కట్టడం ఇప్పటికీ నగరానిది. యాజమాన్యం వదులుకోకుండా ఇతరుల పెట్టుబడి తేవచ్చని అక్కడ రుజువైంది.

మా హైదరాబాదులోనూ ఒకటి చూశాం. గచ్చిబౌలి క్రీడాగ్రామంలో ఆటగాళ్ల వసతికి కట్టిన 14 అంతస్తుల భవనాన్ని 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వారాల వ్యవధిలో ఆసుపత్రి చేశారు. గోడలు గట్టిగా ఉన్నాయి, యాజమాన్యం ప్రభుత్వానిది, కాబట్టి ఎవరినీ బతిమాలనక్కరలేకపోయింది. నా చిన్నాన్న కొడుకు అక్కడే పదకొండు రోజులు ఉండి నడుచుకుంటూ బయటికి వచ్చాడు.

డబ్బు మాటకు వస్తాను. పెద్ద కౌంటీ, పెద్ద అవసరాలు. వరద కాలువల పని మిగిలి ఉంది, ఆసుపత్రులకు మంచాలు కావాలి, కౌంటీ పోలీసులైన షెరీఫ్ డెప్యూటీల జీతాలు పెరగాలి. వీటిముందు డోమ్‌కు డబ్బు అడగడం సిగ్గుచేటని నా మిత్రులే అంటారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. అందుకే దాన్ని ఆటల పద్దులో కాదు, విపత్తుల పద్దులో చూడమని అడుగుతున్నాను. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఇళ్లలో గడ్డకట్టి చనిపోయినవాళ్లున్నారు. బెరిల్ తర్వాత వేడికి తాళలేక చనిపోయినవాళ్లున్నారు. వాళ్లలో చాలామందికి కావలసింది వైద్యం కంటే ముందు, కరెంటు ఉన్న ఒక పెద్ద గది. దాన్ని కొత్తగా కట్టాలంటే ఎంత అవుతుందో లెక్కలో చేర్చండి. కూల్చడానికి అయ్యేది, కూల్చిన గుంతను పూడ్చడానికి అయ్యేది, ఏమీ చేయకుండా ఏటా కాపలాకు, మరమ్మతులకు పోసేది, అన్నీ ఒకే కాగితం మీద, మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో రాయండి. స్పానిష్‌లో, వియత్నామీస్‌లో, చైనీస్‌లో ఓటు పత్రాలు ఇచ్చే కౌంటీ మీది. ఆ కాగితాన్ని తెలుగులోకి, ఉర్దూలోకి మేమే తర్జుమా చేసి ఇస్తాం.

ఆ తర్వాత మళ్లీ ఓటుకు పెట్టండి. 2013లో జనం వద్దన్నది ఒక ప్రదర్శనశాలను. డోమ్ ఉండాలా వద్దా అని వాళ్లను ఎవరూ నేరుగా అడగలేదు. అప్పుడు ఓటు వేసినవాళ్లకు హార్వీ తెలియదు, మంచు తుఫాను తెలియదు, బెరిల్ తెలియదు. నేను కూడా ఆ రోజు ఓటు వేయలేదు. పౌరసత్వం వచ్చి ఏడాది కూడా కాలేదు, పని ఉందని ఇంట్లో కూర్చున్నాను. కత్రినాలో లోపల దుప్పట్లు పంచినవాడిని అలా ఊరుకోవాల్సింది కాదు.

మా తెలుగువాళ్లకు ఒక మాట. దివిసీమ నుంచో, శ్రీకాకుళం నుంచో, నెల్లూరు నుంచో వచ్చినవాళ్లకు తుఫాను షెల్టర్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. లోపలి జిల్లాల నుంచి, తెలంగాణ నుంచి వచ్చినవాళ్లకు కరువులో గంజి కేంద్రం కథలు తాతలు చెప్పే ఉంటారు. ఆపదలో పదిమందీ ఒకే కప్పు కింద చేరడం మనకు కొత్త కాదు. కమిషనర్ల కోర్టు సమావేశాల్లో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. నేను చేసుకున్నాను. నాతో వచ్చేవాళ్లు ఉంటే బాగుంటుంది. మీ అపార్ట్‌మెంటులో, గుడిలో, ఆదివారం తెలుగు బడిలో ఈ విషయం మాట్లాడండి.

కమిషనర్లకు చివరిగా ఒక చిన్న విన్నపం. ఇది చేయడానికి బాండ్లు అక్కరలేదు. 2018 ఏప్రిల్ 9న, డోమ్‌కు 53 ఏళ్లు నిండిన రోజున, ఒక్క సాయంత్రం తలుపులు తెరిచారు. పాతికవేల మంది దాకా వచ్చారు. తాతలు మనవల్ని భుజాల మీద ఎక్కించుకుని కప్పు వైపు చూపించడం నేను చూశాను. చాలామంది ఏమీ మాట్లాడకుండా తల పైకెత్తి అలాగే నిలబడ్డారు. ఓటుకు ముందు అలాంటి రోజు ఇంకొకటి ఏర్పాటు చేయండి. ఈసారి పాటలు, ప్రసంగాలు వద్దు. అగ్నిమాపక అధికారులను, ఇంజనీర్లను, ఆసుపత్రి వాళ్లను లోపల నిలబెట్టండి. నేల ఎంతవరకు లేస్తుందో గోడ మీద గీత గీయండి. మంచాలు ఎన్ని పడతాయో నేలమీద సుద్దతో గుర్తులు పెట్టండి. వచ్చినవాళ్లు ప్రశ్నలు అడుగుతారు.

మా అమ్మ వచ్చే వేసవిలో మళ్లీ వస్తానంటోంది. నిన్న ఫోనులో ఈ లేఖ చదివి వినిపించాను. తాను వస్తే అధికారులను అడగవలసిన ప్రశ్నలు రాసి పెట్టుకోమంది. తాగునీళ్ల కుళాయిలు ఏ వైపు పెడతారు, ఆడవాళ్లకు స్నానాల గదులు విడిగా ఉంటాయా, నడవలేని వాళ్లను లోపలికి ఎలా తెస్తారు, రాత్రిపూట తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది. రాసి పెట్టుకున్నాను.

ఇట్లు,
సైప్రెస్‌లో నివసించే హారిస్ కౌంటీ ఓటరు